జూన్ 25 క్రీడల షీటు: ఏవి ఉంచాలి, ఏవి కొట్టేయాలి?

గోడపత్రిక:
గ్రంథాలయంలో "చరిత్రలో ఈరోజు" బోర్డు కోసం జూన్ 25 క్రీడల షీటు తయారవుతోంది. ఒకటే డ్రాయింగ్ షీటు, పది పన్నెండు అంశాలకు మించి పట్టవు. అదే సాయంత్రం హైస్కూలు పిల్లలకు ఈ షీటులోంచే క్విజ్ ఉంటుంది. తేదీ తప్పితే పిల్లలే పట్టుకుంటారు కాబట్టి ముందే ఇక్కడ పెడుతున్నాను. చేతిలో ఉన్న జాబితా:

1932 – లార్డ్స్‌లో భారత్ తొలి టెస్టు, 158 పరుగుల ఓటమి
1935 – అమెరికా అథ్లెట్ జెస్సీ ఓవెన్స్ ముప్పావుగంటలో ప్రపంచ రికార్డులు
1974 – లార్డ్స్‌లో భారత్ 42 ఆలౌట్
1978 – ఫుట్‌బాల్ ప్రపంచకప్ అర్జెంటీనాకు
1983 – క్రికెట్ ప్రపంచకప్ మనకు
2024 – టీ20 ప్రపంచకప్ సెమీస్‌కు అఫ్గానిస్తాన్

మూడు సందేహాలు. రోజుల తరబడి సాగే టెస్టును ఏ తేదీ కింద వేయాలి? అక్కడ సాయంత్రమై ఇక్కడ తెల్లవారితే ఎవరి తేదీ లెక్క? తెలుగువాళ్లతో నిజంగా ముడిపడినవి ఏమైనా ఉన్నాయా? బలవంతంగా అతికించినవి వద్దు.

మిడ్ఆన్:
క్రికెట్ వరకు చెప్తాను. ముందు 1974ను కొట్టేయండి. ఆ 42 ఆలౌట్ జూన్ 24, సోమవారం నాటిది. ఇన్నింగ్స్ 285 పరుగుల ఓటమితో టెస్టు ఆ రోజే ముగిసింది. లార్డ్స్, జూన్ అనగానే 1932, 1983ల పక్కన దీన్నీ ఇరికించడం చాలాచోట్ల కనిపిస్తుంది.

1932 ఉండాలి, కానీ మీరు రాసినట్టు కాదు. ఆ టెస్టు మూడు రోజులది: జూన్ 25, 27, 28. మధ్యలో 26 ఆదివారం, ఆట లేదు. 158 పరుగుల ఓటమి 28న జరిగింది, అది ఆ తేదీ షీటుకు చెందిన విషయం. టెస్టుల విషయంలో నేను పాటించేది ఒకటే: "మొదలైంది" అని రాస్తే మొదటి రోజు తేదీ, "గెలిచారు, ఓడారు" అని రాస్తే చివరి రోజు తేదీ, ఒక ఇన్నింగ్స్ గురించైతే ఆ ఆట నడిచిన రోజు. ఒకే వాక్యంలో మొదలూ ఫలితమూ కలిపేస్తే ఏ తేదీ వేసినా సగం తప్పే.

మరి జూన్ 25న ఏం జరిగింది? ఓటమి కంటే చెప్పుకోదగ్గదే జరిగింది. ఇంగ్లండ్ ఓపెనర్లు పెర్సీ హోమ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్. ఈ ఇద్దరే పది రోజుల ముందు లేటన్‌లో ఎసెక్స్ మీద యార్క్‌షైర్ తరఫున తొలి వికెట్‌కు 555 పరుగులు జోడించి వచ్చారు. మహమ్మద్ నిసార్ ఇద్దరినీ బౌల్డ్ చేశాడు, సట్‌క్లిఫ్ 3, హోమ్స్ 6. ఆ వెంటనే ఫ్రాంక్ వూలీ 9 పరుగుల వద్ద రనౌట్. స్కోరు 3 వికెట్లకు 19. తొలి టెస్టు ఆడుతున్న జట్టు మొదటి ఉదయం చేసిన పని ఇది. తర్వాత కెప్టెన్ డగ్లస్ జార్డిన్ 79, వికెట్ కీపర్ లెస్ ఏమ్స్ 65 చేసి జట్టును 259కి చేర్చారు. నిసార్‌కు 93 పరుగులకు 5 వికెట్లు. షీటు మీద "19కి 3" అని పెద్ద అక్షరాల్లో రాయండి, చూసేవాళ్లు ఆగి చదువుతారు.

మీ మూడో సందేహానికీ జవాబు ఇక్కడే ఉంది. ఆ రోజు భారత కెప్టెన్ సి.కె. నాయుడు. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం. పర్యటనకు కెప్టెన్‌గా వెళ్లింది పోరుబందర్ మహారాజు, వైస్ కెప్టెన్ లింబ్డీకి చెందిన ఘనశ్యాంసిన్హ్‌జీ. ఇద్దరూ ఈ టెస్టులో దిగకపోవడంతో నాయుడు చేతికి పగ్గాలు వచ్చాయి. "మహారాజు తొలి టెస్టు కెప్టెన్" అని రాసేస్తుంటారు, అది తప్పు. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా తొలి ఇన్నింగ్స్‌లో 40 పరుగులతో నాయుడే జట్టులో టాప్ స్కోరర్, అయితే అది 25 నాటి ఆట కాదు కాబట్టి షీటు మీద వద్దు. ఆయన 1953-54లో ఆంధ్ర తరఫున రంజీ కూడా ఆడారు. క్విజ్‌కు పనికొస్తుంది.

ఇక 1983. అందరికీ తెలిసిందే అనుకుంటాం కానీ తప్పులు ఎక్కువగా దొర్లేది కూడా ఇక్కడే. మ్యాచ్ 60 ఓవర్లది, 50 కాదు. దుస్తులు తెలుపు, బంతి ఎరుపు. ఒక్కో బౌలర్‌కు 12 ఓవర్ల వరకు అనుమతి. మదన్‌లాల్ 12 ఓవర్లు వేసి 31 పరుగులకు 3 వికెట్లు తీశాడు. "పది కంటే ఎక్కువ ఎలా వేశాడు, అచ్చు తప్పా" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, సిద్ధంగా ఉండండి.

టాస్ గెలిచిన క్లైవ్ లాయిడ్ ఫీల్డింగ్ తీసుకున్నాడు. భారత్ 54.4 ఓవర్లలో 183 ఆలౌట్, శ్రీకాంత్ 38 అత్యధికం. ఎవరూ పట్టించుకోని అంకె ఒకటి: తొమ్మిదో వికెట్ 161 వద్ద పడింది, చివరి జోడీ కిర్మాణీ, బల్వీందర్ సంధూ కలిసి 22 పరుగులు చేశారు. గెలుపు తేడా 43. అంటే అందులో సగానికి పైగా ఆఖరి వికెట్ తెచ్చిపెట్టిందే. వెస్టిండీస్ వైపు చూస్తే, సంధూ బంతిని ఆడకుండా వదిలేసిన గ్రీనిడ్జ్ 1 పరుగుకే బౌల్డ్. ఆ తర్వాత 28 బంతుల్లో 7 ఫోర్లతో 33 కొట్టి ఊపు మీదున్న రిచర్డ్స్, మదన్‌లాల్ బంతిని పైకి లేపాడు, కపిల్ వెనక్కి పరుగెత్తి పట్టాడు. అసలు కూలడం అక్కడ మొదలైంది: 2 వికెట్లకు 57 నుంచి 6 వికెట్లకు 76. చివరకు 52 ఓవర్లలో 140. అమర్‌నాథ్ 7 ఓవర్లలో 12 పరుగులకు 3 వికెట్లు, బ్యాటుతో 26 చేసి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్. హోల్డింగ్‌ను ఎల్బీడబ్ల్యూ చేసి ముగించిందీ అతనే.

"సరిగ్గా 50 ఏళ్ల తర్వాత అదే మైదానంలో, అదే తేదీన" అనే వాక్యం ఎక్కడైనా కనిపిస్తే ఎత్తి రాయకండి. 1932 నుంచి 1983కి 51 ఏళ్లు. మైదానం, తేదీ నిజమే, రెండూ శనివారాలే కూడా. కపిల్ 175 నాటౌట్‌నూ ఈ షీటు మీదికి లాగొద్దు, అది జూన్ 18, టన్‌బ్రిడ్జ్ వెల్స్, జింబాబ్వే మీద.

తెలుగు ముడి కావాలంటే ఆ జట్టు మేనేజర్ పి.ఆర్. మాన్‌సింగ్ హైదరాబాద్ వారు. 14 మంది ఆటగాళ్లలో ఒక్క మ్యాచ్‌లోనూ దిగని సునీల్ వాల్సన్ పుట్టింది సికింద్రాబాద్‌లో. అయితే "హైదరాబాద్ ఆటగాడు ఫైనల్ ఆడాడు" అనే వరకు వెళ్లకండి, ఆ పదకొండు మందిలో ఎవరూ లేరు.

ఎక్స్‌ట్రాటైమ్:
ఫుట్‌బాల్‌లో జూన్ 25ను నెదర్లాండ్స్ తేదీ అనాలి. మీరు 1978 ఒక్కటే వేశారు, మూడున్నాయి.

1978: బ్యూనస్ ఎయిర్స్, మోనుమెంటల్ స్టేడియం, ఫైనల్‌లో అర్జెంటీనా 3, నెదర్లాండ్స్ 1. రెనే వాన్ డె కెర్కాఫ్ చేతికి ఉన్న కట్టు మీద అర్జెంటీనా ఆటగాళ్లు అభ్యంతరం చెప్పడంతో ఆట ఆలస్యంగా మొదలైంది. 38వ నిమిషంలో కెంపెస్ గోల్, 82లో నానింగా హెడర్‌తో సమం. 90వ నిమిషంలో రెన్‌సెన్‌బ్రింక్ కొట్టిన బంతి గోల్‌పోస్టుకు తగిలింది. అది లోపలికి వెళ్లుంటే కప్పు డచ్చివాళ్లదే. ఎక్స్‌ట్రా టైమ్‌లో కెంపెస్ రెండోది, బెర్టోనీ మూడోది. షీటు మీద "ఎక్స్‌ట్రా టైమ్‌లో" అన్న మాట తప్పనిసరిగా ఉండాలి. అది లేకుండా 3-1 అని రాస్తే ఏకపక్షంగా సాగిన మ్యాచ్ అనుకుంటారు.

1988: సరిగ్గా పదేళ్లకు మ్యూనిక్ ఒలింపిక్ స్టేడియంలో యూరో ఫైనల్. నెదర్లాండ్స్ 2, సోవియట్ యూనియన్ 0. 32వ నిమిషంలో గుల్లిట్ హెడర్. 54వ నిమిషంలో ఎడమ వైపు నుంచి మ్యూరెన్ ఎత్తి వేసిన బంతిని వాన్ బాస్టెన్ నేల తాకనివ్వకుండా, దాదాపు గోల్ గీతకు సమాంతరంగా ఉన్న కోణం నుంచి వాలీ కొట్టాడు. గోల్‌కీపర్ దసాయెవ్ తల మీదుగా వెళ్లింది. ఆ తర్వాత బెలానోవ్ పెనాల్టీని వాన్ బ్రూకెలెన్ ఆపాడు, ఇది చాలామంది వదిలేస్తారు. డచ్ జట్టుకు తొలి పెద్ద ట్రోఫీ ఇదే. దేశం పేరు "రష్యా" అని రాయకండి, 1988లో అది సోవియట్ యూనియన్.

2006: న్యూరెంబర్గ్, ప్రపంచకప్ ప్రీక్వార్టర్స్. పోర్చుగల్ 1, నెదర్లాండ్స్ 0, మానిష్ గోల్. రిఫరీ వాలెంటిన్ ఇవనోవ్ 16 పసుపు కార్డులు, 4 ఎర్ర కార్డులు చూపాడు. నాలుగు ఎర్ర కార్డులూ రెండో పసుపు వల్ల వచ్చినవే: కొస్టీన్యా, బూలహ్రూజ్, డెకో, వాన్ బ్రాంక్‌హార్స్ట్. ఇరువైపులా తొమ్మిదేసి మందితో ఆట ముగిసింది.

ఇవి కాక 1982 జూన్ 25, స్పెయిన్‌లోని హిహోన్, ప్రపంచకప్ గ్రూపు మ్యాచ్. నా దృష్టిలో ఫుట్‌బాల్ వరకు ఈ తేదీన అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, ఎందుకంటే దీని వల్ల నియమం మారింది. పశ్చిమ జర్మనీ 1, ఆస్ట్రియా 0. పదో నిమిషంలో హ్రూబెష్ గోల్, ఆ తర్వాత 80 నిమిషాలు బంతిని అటూ ఇటూ తోసుకోవడమే. ఎందుకో అర్థం కావాలంటే పట్టిక చూడాలి. గెలుపుకు అప్పట్లో 2 పాయింట్లు. అదే గ్రూపులో అల్జీరియా తన ఆఖరి మ్యాచ్‌ను ముందురోజే, జూన్ 24న, చిలీ మీద 3-2తో ముగించింది: 4 పాయింట్లు, కొట్టినవి 5, ఇచ్చినవి 5, తేడా సున్నా. ఆస్ట్రియా అప్పటికే 4 పాయింట్లు, తేడా +3. జర్మనీ 2 పాయింట్లు, తేడా +2. జర్మనీ గెలవకపోతే ఇంటికే. జర్మనీ 3-0తో గెలిస్తే ఆస్ట్రియా తేడా సున్నాకు పడి, తక్కువ గోల్స్ కారణంగా అల్జీరియా వెనక్కి పోతుంది. ఒకటి లేదా రెండు గోల్స్ తేడాతో జర్మనీ గెలిస్తే మాత్రం ఇద్దరూ పైకి. ఆ లెక్క మైదానంలో దిగేముందే ఇద్దరికీ తెలుసు. 1-0 అయ్యాక జర్మనీ +3, ఆస్ట్రియా +2, అల్జీరియా బయటకు. 1986 నుంచి గ్రూపులో ఆఖరి రెండు మ్యాచ్‌లనూ ఒకే సమయంలో పెట్టడానికి ఇదే కారణం. పిల్లలకు ఈ లెక్కను బోర్డు మీద వేసి చూపిస్తే గోల్ తేడా అంటే ఏమిటో మళ్లీ చెప్పక్కర్లేదు.

చోటు మిగిలితే 1994: బోస్టన్ దగ్గరి ఫాక్స్‌బరోలో ప్రపంచకప్ మ్యాచ్, అర్జెంటీనా 2, నైజీరియా 1. కనీజియా రెండు గోల్స్. మ్యాచ్ అవ్వగానే మారడోనాను నర్సు చేయి పట్టుకుని డోప్ పరీక్షకు తీసుకెళ్లింది, నిషేధిత ఉత్ప్రేరకం ఎఫెడ్రిన్ దొరికింది. దేశం తరఫున అదే అతని చివరి మ్యాచ్. ఇక్కడ జాగ్రత్త: పరీక్షకు నమూనా ఇచ్చింది 25న, ఫలితం బయటపడింది ఆ తర్వాత. "ఈరోజు మారడోనా బహిష్కరణ" అని రాస్తే తప్పు.

గోడపత్రిక:
మిడ్ఆన్ గారికీ ఎక్స్‌ట్రాటైమ్ గారికీ ధన్యవాదాలు. 1974 తీసేశాను, 1932 వాక్యం మార్చాను. రెండో సందేహం ఇంకా అలాగే ఉంది. 1978 ఫైనల్ మన గడియారం ప్రకారం 26 అవుతుంది కదా?

ఎక్స్‌ట్రాటైమ్:
అవుతుంది. అక్కడ మధ్యాహ్నం 3 అంటే మనకు రాత్రి 11.30. ఆలస్యం లెక్కలోకి తీసుకోకపోయినా కెంపెస్ మొదటి గోలే మనకు అర్ధరాత్రి దాటాక పడింది. ఫాక్స్‌బరోలో సాయంత్రం 4 మనకు తెల్లవారుజామున 1.30. న్యూరెంబర్గ్‌లో రాత్రి 9 మనకు 12.30. మ్యూనిక్ ఫైనల్, హిహోన్ మ్యాచ్ మాత్రం మనకూ 25నే. మన తేదీ పట్టుకుంటే ఈ మూడూ ఎగిరిపోతాయి. అందుకే ఎప్పుడూ మైదానం ఉన్న చోటి తేదీ వేయాలి. రికార్డు పుస్తకాలన్నీ అదే పాటిస్తాయి. పాత భారతీయ పత్రికలు చూసి తేదీ తీసుకునేటప్పుడు మాత్రం వెనక్కి లెక్కించండి: వార్త 27న అచ్చయితే, ఆట 25నో 26నో.

ఇదే లెక్క ప్రకారం మీ 2024 పోతుంది. అఫ్గానిస్తాన్, బంగ్లాదేశ్ మ్యాచ్ సెయింట్ విన్సెంట్‌లోని ఆర్నోస్ వేల్‌లో జూన్ 24 రాత్రి 8.30కి మొదలైంది, మనకు 25 ఉదయం 6. మనవాళ్లు పొద్దున్నే చూశారు కాబట్టి 25 అని గుర్తుండిపోయింది. అఫ్గానిస్తాన్ 5 వికెట్లకు 115, బంగ్లాదేశ్ 105, వాన వల్ల లక్ష్యాన్ని సవరించే డక్‌వర్త్ లూయిస్ పద్ధతి ప్రకారం 8 పరుగుల గెలుపు, ఆస్ట్రేలియా ఇంటికి. గొప్ప మ్యాచే, కానీ అది జూన్ 24 షీటుకు చెందుతుంది.

నెట్‌కార్డ్:
మిగతా ఆటలు నేను చెప్తాను. ఓవెన్స్ తేదీలో నెల తప్పింది. అది 1935 మే 25, మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్. ఆ ఖాళీలో వేయడానికి అదే ఏడాది జూన్ 25 అంశం ఒకటి ఉంది: న్యూయార్క్ యాంకీ స్టేడియంలో బాక్సర్ జో లూయిస్, మాజీ ప్రపంచ చాంపియన్ ప్రీమో కార్నెరాను ఆరో రౌండులో ఓడించాడు. అదే స్టేడియంలో 1948 జూన్ 25న లూయిస్ తన ప్రపంచ హెవీవెయిట్ టైటిల్‌ను 25వ సారి నిలబెట్టుకున్నాడు. ప్రత్యర్థి జెర్సీ జో వాల్కాట్, 11వ రౌండులో నాకౌట్. వర్షం వల్ల వాయిదా పడి ఆ తేదీకి వచ్చింది కాబట్టి పాత ప్రకటనల్లో వేరే తేదీ కనిపిస్తే కంగారు పడకండి. రెండింటినీ ఒకే పెట్టెలో వేస్తే చోటు కలిసొస్తుంది.

తెలుగు ముడి అడిగారుగా, అసలైనది మీ జాబితాలోనే లేదు! 2017 జూన్ 25, ఆదివారం, సిడ్నీ. గుంటూరు కుర్రాడు కిదాంబి శ్రీకాంత్ ఆస్ట్రేలియన్ ఓపెన్ సూపర్ సిరీస్ బ్యాడ్మింటన్ ఫైనల్‌లో రియో ఒలింపిక్ చాంపియన్ చెన్ లాంగ్‌ను 22-20, 21-16తో ఓడించాడు. వారం ముందు జూన్ 18న ఇండోనేషియా ఓపెన్ కూడా అతనిదే, కాబట్టి రెండు తేదీలూ కలగలిసిపోకుండా చూసుకోండి. అంతకుముందు ఏప్రిల్‌లో సింగపూర్ ఫైనల్‌లో సాయి ప్రణీత్ చేతిలో ఓడాడు. అంటే వరసగా మూడు సూపర్ సిరీస్ ఫైనల్స్. ఆ ఏడాది మొత్తం నాలుగు టైటిళ్లు. ఇది నా లెక్కలో షీటు మధ్యలో, 1983 పక్కనే ఉండాలి. 1983లో 38 కొట్టిన శ్రీకాంత్‌కూ ఈ శ్రీకాంత్‌కూ చుట్టరికం లేదని క్విజ్ మాస్టరు గుర్తుంచుకుంటే చాలు. "జూన్ 25న లార్డ్స్‌లో మెరిసిన శ్రీకాంత్ ఎవరు" అని మైదానం పేరుతోనే అడగాలి, లేకపోతే రెండు జవాబులూ ఒప్పుకోవాలి.

టెన్నిస్‌లో 1969 వింబుల్డన్. 41 ఏళ్ల పాంచో గొంజాలెస్, 25 ఏళ్ల చార్లీ పాసరెల్. మ్యాచ్ జూన్ 24న మొదలై, రెండు సెట్లు అయ్యాక చీకటి పడి ఆగింది. అప్పటికి గొంజాలెస్ రెండూ ఓడిపోయి ఉన్నాడు. మర్నాడు, 25న, మూడు సెట్లూ వరసగా గెలిచాడు, ఐదో సెట్‌లో ఏడు మ్యాచ్ పాయింట్లు కాచుకుని మరీ. మొత్తం 112 గేములు, 5 గంటల 12 నిమిషాలు. గేములు సమమైనప్పుడు సెట్‌ను త్వరగా తేల్చే టైబ్రేక్ అవసరం అన్న వాదనకు ఈ మ్యాచ్ బలమిచ్చింది, వింబుల్డన్‌లో అది 1971లో వచ్చింది. మిడ్ఆన్ గారి పద్ధతే ఇక్కడా: "రెండు సెట్లు వెనకబడి గెలిచాడు" అని 25 కింద రాయొచ్చు, "112 గేముల మ్యాచ్" అని రాస్తే పక్కన 24, 25 రెండు తేదీలూ వేయాలి. ఇస్నర్, మహూ మారథాన్‌ను దీంతో కలపొద్దు, 183 గేముల ఆ మ్యాచ్ 2010 జూన్ 22న మొదలై 24న ముగిసింది.

మిడ్ఆన్:
క్విజ్‌కు ఒక మాట. "జూన్ 25న లార్డ్స్‌లో భారత్ ఏం చేసింది?" లాంటి ప్రశ్న వద్దు, 1932కూ 1983కూ రెండింటికీ సరిపోతుంది. "భారత తొలి టెస్టులో పడిన మొదటి మూడు వికెట్లలో రనౌట్ అయినది ఎవరు?" అని అడిగితే జవాబు వూలీ ఒక్కడే. "1983 ఫైనల్‌లో ఎక్కువ వికెట్లు ఎవరికి?" అని కూడా అడగొద్దు, అమర్‌నాథ్‌కూ మదన్‌లాల్‌కూ మూడేసి, పైగా భారత ఇన్నింగ్స్‌లో ఆండీ రాబర్ట్స్‌కూ మూడే.

గోడపత్రిక:
ఇప్పుడు పది అయ్యాయి: 1932, లూయిస్ రెండు పోరాటాలు ఒకే పెట్టెలో, 1969, 1978, 1982, 1983, 1988, 1994, 2006, 2017. అన్నింటికీ మైదానం పేరు, ఊరు పక్కనే వేస్తున్నాను. గొంజాలెస్ సెట్ల స్కోరు ఎవరైనా ఇస్తే అదీ రాస్తాను.

నెట్‌కార్డ్:
22–24, 1–6, 16–14, 6–3, 11–9. మొదటి రెండు సెట్ల కింద "జూన్ 24" అని, మిగతా మూడింటి కింద "జూన్ 25" అని వేరే రంగు సిరాతో రాయండి.